సెరాఫిన్ బిగించిన స్కీలు

శనివారం ఉదయం కాఫీ చల్లారేలోగా సెరాఫిన్ ఒక నిర్ణయానికి వచ్చాడు. తన భార్య స్కీలకు పరాయి మగవాడు స్క్రూలు బిగించడానికి వీల్లేదు.

స్కీలు కొత్తవి. మంచు మీద జారుతూ కొండ దిగడానికే కాక ఎక్కడానికి కూడా పనికొచ్చే రకం. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులు విడిగా డబ్బాలో వచ్చాయి. బూటు కొలత చూసి, స్కీకి చిల్లులు వేసి, వాటిని బిగించాలి. ఆదివారం పొద్దున్నే ఊరి పర్వతారోహణ సంఘం శిఖరానికి బయల్దేరుతోంది. భార్య బుర్గి వెళ్లాల్సింది వాటి మీదే. ఊళ్లో ఈ పని చేసేవాడు స్కీల దుకాణం రోమెడ్ ఒక్కడే. "తెచ్చి పడెయ్, అరగంటలో బిగించిస్తా, డబ్బులేం వద్దు" అన్నాడట. ఆ "వద్దు" దగ్గరే సెరాఫిన్ గొంతులో రొట్టెముక్క అడ్డం పడింది.

రోమెడ్‌కి అరవై దాటాయి, భార్య పోయి చాలా కాలమైంది. అసూయ పడదగిన వయసేనా అని మీరు అడగవచ్చు. చర్చి పాటల బృందంలో బుర్గి వెనకే నిలబడి పాడే ఆ గంభీరమైన గొంతును మీరు వినలేదు. ఎండకు కాగిన ఆ ముఖాన్ని, కొండమేకకు పోటీ వచ్చే ఆ కాళ్లను మీరు చూడలేదు. సెరాఫిన్ చూశాడు. పంచాయతీ ఆఫీసులో కూర్చుని చెత్త పన్ను లెక్కలు రాసే తన కాళ్లను కూడా చూసుకున్నాడు.

పైగా వాళ్లుండే టిరోల్ కొండల్లో ఒక పాడు ఆచారం ఉంది. పాడు అన్నది సెరాఫిన్ మాట. శిఖరం చేరగానే అక్కడి సిలువ దగ్గర అందరూ చేతులు కలుపుకుని, బుగ్గ మీద ముద్దు పెట్టుకుంటారు. తాతల కాలం నుంచీ పెట్టుకుంటున్నారు, ఎవరి కాపురమూ కూలలేదు. కానీ పోయినసారి సంఘం పంపిన ఫోటోలో రోమెడ్ మీసం బుర్గి బుగ్గకు ఆనుకుని ఉంది. సెరాఫిన్ దాన్ని ఫోనులో పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేసి మళ్లీ చూశాడు. బుర్గిని వెళ్లొద్దనే ధైర్యం అతనికి లేదు. స్కీలు తన చేత్తో బిగిస్తే, అంత ఎత్తున కూడా ఆమెకు తనే గుర్తుకొస్తాడని ఒక ఆశ మాత్రం ఉంది.

"నువ్వా? బిగిస్తావా?" అంది బుర్గి, పాటల రిహార్సలుకి బయల్దేరుతూ.

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. ఆ చేతుల్తో కొట్టిన అర కూడా ఉంది. దాని మీద ఇంతవరకూ ఒక్క గ్లాసు పెట్టే ధైర్యం ఎవరికీ చాల్లేదు."

"అది గోడ తప్పు."

"సరే నాయనా, నీ ఇష్టం. రేపు వాటి మీద నా ప్రాణం ఉంటుంది. అదొక్కటి గుర్తుపెట్టుకో." బుర్గి తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో మంచి వెలుతురున్న బల్ల ఒక్కటే. పొయ్యి గదిలో, మూలనున్న సిలువ కింద వేసిన పెద్ద చెక్కబల్ల. అది అత్తగారు వేవా వాళ్ల అమ్మమ్మ నాటిది. శనివారం ఆ బల్ల మీద వేవా యాపిల్ ముక్కలు చుట్టి కాల్చే స్ట్రూడెల్ కోసం పిండిని పూతరేకంత పల్చగా సాగదీస్తుంది. కాసేపు వాదించుకున్నాక ఒప్పందం కుదిరింది. సగం బల్ల పిండికి, సగం స్కీలకి.

"అల్లుడూ, నీ చెక్కపొట్టు ఒక్క రవ్వ నా పిండిలో పడిందంటే రేపటి నుంచి నీ వంట నువ్వే చేసుకో," అంది వేవా.

సెరాఫిన్ కింది గదిలోకి వెళ్లి ఆకుపచ్చ బూటు తెచ్చుకున్నాడు. పోయిన ఏడాది సంఘం వాళ్లంతా కలిసి చవగ్గా కొన్న రకం. ఊళ్లో సగం మంది ఆడవాళ్లకి అవే. బూటును స్కీ మీద పెట్టి, ముందు కొక్కెం ఎక్కడో వెనక కొక్కెం ఎక్కడో గుర్తులు పెట్టాడు. చిల్లు ఎక్కడ ఆపాలో తెలియడానికి డ్రిల్లు మొనకు ఎర్ర టేపు చుట్టాడు. మొదటి స్కీ చక్కగా కుదిరింది. బూటు పెడితే టక్కున పట్టుకుంది. అతనికే ఆశ్చర్యం వేసింది.

రెండో స్కీ మొదలుపెట్టేసరికి చర్చి నుంచి పాట వినిపించింది. అందులో ఒక బొంగురు గొంతు మరీ పైకి వస్తోంది.

"వినండి అత్తయ్యా, వాడే. నా పెళ్లాం చెవిలోనే పాడుతున్నట్టున్నాడు."

"రోమెడ్ శనివారాలు పాటకి వెళ్లడు. దుకాణంలోనే ఉంటాడు."

"మీకెలా తెలుసు?"

వేవా పిండి మీదకు వంగింది. సెరాఫిన్ నమ్మలేదు. అసూయ పట్టినవాడికి ఊళ్లో ఉన్నవన్నీ ఒకే గొంతులా వినిపిస్తాయి. ఆ కోపంలో టేపు పైకి జరిగిన సంగతి చూసుకోలేదు. రెండు స్క్రూలు దొర్లి పొయ్యి కిందకు పోతే వంగి వెతికే ఓపిక లేక, అర కొట్టగా మిగిలిన డబ్బాలోంచి వేలెడు పొడవున్నవి రెండు తీశాడు. చిల్లుల్లో జిగురు పోశాడు. తర్వాత స్క్రూ తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ ఆ మీసమే కళ్ల ముందు కనబడింది. ఇంకా తిప్పాడు. స్క్రూ తల అరిగి నున్నగా అయ్యేవరకూ తిప్పాడు.

పని ముగించి గర్వంగా స్కీని పైకెత్తాడు. బల్ల కూడా లేచింది.

పిండి నెమ్మదిగా జారి, కిందనున్న బూటును నిండా కప్పేసింది.

"మా అమ్మమ్మ బల్ల," అంది వేవా. "రెండు యుద్ధాలు చూసింది. ఏమీ కాలేదు."

సెరాఫిన్ లాగాడు, గుంజాడు, సుత్తితో కొట్టాడు. జిగురు మంచి రకం, కొండ మీది చలికి కూడా ఊడనిది. వేవా ఏప్రన్ విప్పి, అద్దం ముందు జుట్టు సర్దుకుని ఫోను అందుకుంది. రోమెడ్‌ని పిలవడానికి అత్తగారు కూడా ముస్తాబవడం చూసి సెరాఫిన్ సుత్తి విసిరికొట్టాడు.

"ఎవర్నయినా పిలవండి అత్తయ్యా, వాణ్ణి మాత్రం వద్దు! నేనే బల్లని వడ్రంగి దగ్గరికి తీసుకెళ్తా."

బల్లను పక్కకు తిప్పి, వెనక్కి నడుస్తూ, తలుపులోంచి నడవాలోకి లాగాడు. సగం వచ్చాక స్కీ తలుపు చట్రానికి తన్నుకుని బల్ల బిగుసుకుపోయింది. ఇక ముందుకూ రాదు, వెనక్కీ పోదు. సెరాఫిన్ నడవాలో, వేవా గదిలో. ఈలోగా ఆమె ఫోను చేయనే చేసింది.

రోమెడ్ పనిముట్ల పెట్టెతో వచ్చి, తలుపు చూసి, తల గోక్కున్నాడు. "ఇటునుంచి కుదరదు. స్క్రూ తలలు అవతలి వైపున్నాయి. కట్టెల కొట్టు దగ్గర నిచ్చెనుందిగా? కిటికీలోంచి వెళ్తా. నువ్వు కాస్త నిచ్చెన పట్టుకో బాబూ, మంచు జారుతోంది."

సెరాఫిన్ పట్టుకున్నాడు. ఏ మనిషి తన భార్య స్కీలు ముట్టకూడదని పొద్దున్నించీ ఇంత పాటు పడ్డాడో, ఆ మనిషినే తన ఇంటి కిటికీలోకి ఎక్కించాడు. వేవా లోపల్నించి కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

ఆ లోయలో కిటికీకి నిచ్చెన వేయడమంటే మామూలు విషయం కాదు. పూర్వం మనసుపడ్డ కుర్రవాడు రాత్రిపూట అమ్మాయి కిటికీకి నిచ్చెన వేసి ఎక్కేవాడు. ఆమె కిటికీ తెరిస్తే పెళ్లి సగం కుదిరినట్టే. ఇప్పటి కుర్రాళ్లకు ఫోన్లు వచ్చి నిచ్చెన ఎక్కడం మానేశారు గానీ ఊరు మాత్రం ఏదీ మరచిపోలేదు. ఎదురింటి హెడ్విగ్ మిద్దె మీదనుంచి చప్పట్లు కొట్టింది.

"శభాష్ రోమెడ్! ఇన్నాళ్లకి ధైర్యం వచ్చిందన్నమాట! సెరాఫిన్, నువ్వు బంగారం నాయనా! నిచ్చెన పట్టే మనసు ఎంతమందికుంటుంది!"

సెరాఫిన్‌కి చెవులు మండాయి. ఇన్నాళ్లకి అంటే? ఈ వ్యవహారం ఊరందరికీ తెలుసన్నమాట. తెలియనిది తనొక్కడికే.

బుర్గి ఇంటికొచ్చేసరికి ఊళ్లో కబురు రెండు చుట్లు తిరిగింది. ఆమె నడవాలో నిలబడి బల్లను చూసింది, స్కీని చూసింది, మొగుణ్ణి చూసింది.

"రోమెడ్ మన కిటికీ ఎక్కాడటగా? బజారంతా అదే మాట. నువ్వేం చేస్తున్నావ్?"

"నిచ్చెన పట్టుకున్నా."

బుర్గి గోడకానుకుని నవ్వింది. ఆ నవ్వు అతనికి తప్పు ఒప్పుకున్నట్టే వినబడింది.

లోపల రోమెడ్ కాల్చిన ఇనప కడ్డీని స్క్రూ తలలకు ఆనించి, జిగురు మెత్తబరిచి, స్కీని బల్ల నుంచి ఊడదీశాడు. అడుగున పడ్డ చిల్లులు పూడ్చి సరైన స్క్రూలు బిగించాడు. బల్ల తలుపులోంచి కదిలింది. అందరూ గదిలోకి వచ్చాక బూటుకు అంటిన పిండి దులిపి, దాన్ని తిప్పి చూశాడు.

"ఇది బుర్గిది కాదే?"

"నాది మీ దుకాణంలోనే ఉందిగా," అంది బుర్గి. "బొటనవేలు దగ్గర వెడల్పు చేయమని ఇచ్చాను. ఇది అమ్మది."

"అత్తయ్యకి కొండెక్కే బూట్లెందుకు?" అన్నాడు సెరాఫిన్. ఆమె వాటిని ముంగిట్లో మంచు ఎత్తిపోయడానికి కొనుక్కుందని అతను ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు.

వేవా వంగి కింద పడ్డ పిండి ఎత్తసాగింది. బుర్గి నవ్వు ఆగిపోయింది. "మా అమ్మ పాదం నాకంటే ఎంత చిన్నదో తెలుసా? ఇన్నేళ్ల కాపురంలో నా కాలెంతో నీకు తెలీదు, సెరాఫిన్. ఈయనకి తెలుసు."

ఆ మాట డ్రిల్లు మొన కంటే లోతుకు దిగింది. సెరాఫిన్ తల వంచుకున్నాడు.

పాత చిల్లుకి ఆనుకుని బుర్గి కొలతకి కొత్తది వేస్తే చెక్క పట్టు ఉండదని, ముందు పూడ్చి, ఆరనిచ్చి, తర్వాతే వేయాలని రోమెడ్ చెప్పాడు. రేపటికి కుదరదు. సెలవుల జనం ఎగబడటంతో దుకాణంలో అద్దె స్కీలు కూడా లేవు. "కానీ ఇవి ఇప్పుడు ఒకరికి మాత్రం సరిగ్గా సరిపోతాయి," అన్నాడు, వేవా వైపు చూడకుండా.

"ఇంట్లో పిండి కూడా లేదు మరి," అంది వేవా. "రేపు నాకు పనేముంది?"

ఆదివారం వేవా వెళ్లింది. బుర్గి ఉండిపోయింది. సెరాఫిన్ కోరుకున్నది అక్షరాలా జరిగింది, కానీ మధ్యాహ్నం దాకా ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి అతనే పొయ్యి దగ్గర కూర్చుని, ఆమె పాదాన్ని ఒళ్లో పెట్టుకుని జానతో కొలిచాడు.

"ఇప్పుడెందుకు?"

"తెలుసుకుందామని. బుర్గీ, నాకు ఆ ముద్దు చూస్తే కడుపు మండిపోతుంది."

"ఏ ముద్దు?"

"పైన పెట్టుకునేది."

బుర్గి అతన్ని జాలిగా చూసింది. "పైన గడ్డకట్టే చలి. అందరికీ ముక్కులు కారుతుంటాయి. దాన్ని ముద్దంటారటయ్యా?"

సెరాఫిన్ గుండె తేలికపడింది. అప్పుడే ఫోను మోగింది. సంఘం ఫోటో పంపింది. అతను అలవాటుగా పెద్దది చేసి చూశాడు. సిలువ కింద రోమెడ్, వేవా. ఈసారి మీసం ఆనింది బుగ్గకు కాదు.

సాయంత్రం రోమెడ్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వేవా అతని పక్కనే ఉంది. "ఊరంతా కిటికీ ఎక్కాడంటోంది," అంది కూతురితో. "ఇక తలుపు నుంచి రానివ్వకపోతే నా పరువు పోతుంది. మే నెలలో పెళ్లనుకుంటున్నాం. ఆయన ఇల్లు దుకాణం పైన ఇరుకు. ఇక్కడికే వచ్చేస్తారు."

బుర్గి పరుగున వెళ్లి రోమెడ్‌ని కావలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. "అమ్మయ్య, ఇన్నాళ్లకి ఇంట్లో పని తెలిసిన మగాడొకడు వస్తున్నాడు!" అంది.

సెరాఫిన్ ఆ ముద్దులు రెండూ లెక్కపెట్టాడు గానీ, మామగారి మీద అసూయ పడే ఆచారం ఆ లోయలో లేదు.