అమ్మ రంగేసిన దిమ్మ

సోమవారం పొద్దున గోడమ్మ అనుకున్నది ఒక్కటే: కాఫీ తాగి, పరీక్షకివ్వాల్సిన కాంక్రీటు దిమ్మను సంచిలో వేసుకుని, దారిలో రియాక్టరు దగ్గర అప్పగించి ఆఫీసుకు పోవడం. గోడమ్మ ఆమె అసలు పేరు కాదు. ఏ కబురు మొదలుపెట్టినా గోడల దగ్గరే తేలుతుందని తోటి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు.

తేలక ఏం చేస్తుంది? రియాక్టరు చుట్టూ ఉండే మందపాటి గోడ లోపలి రేడియేషన్‌ను బయటికి రానివ్వదు. కానీ ఏళ్ల తరబడి కాపలా కాసీ కాసీ, కంచే చేను మేసినట్టు, చివరికి తనే రేడియేషన్ చిమ్మడం మొదలుపెడుతుంది. రాళ్లలో, సిమెంటులో కోబాల్ట్ అనే లోహం చిటికెడు ఉన్నా, రేడియేషన్ పట్టి కొంప ముంచుతుంది. ఆ చిటికెడు కూడా లేని కాంక్రీటు కోసం గోడమ్మ తిరగని క్వారీ లేదు. రియాక్టరు లోపల ఉండి వచ్చాక కూడా రేడియేషన్ చిమ్మకుండా ఈ దిమ్మ నెగ్గితే రాబోయే రియాక్టరు గోడ దీనితోనే కడతారు. ఓడితే ఆమె విభాగానికి తాళమే.

"దిమ్మని గుడ్డలో చుట్టిపెట్టానే. దారిలో విప్పకు, దుమ్ము పడుతుంది," అంది అమ్మ.

డ్రాయింగు టీచరుగా రిటైరైన అమ్మకు ఇన్నాళ్లకు ప్రయోగశాల శుభ్రత ఒంటబట్టిందని గోడమ్మ మురిసిపోయింది. మూట విప్పలేదు.

రియాక్టరు ఆపరేటరు విప్పాడు. దిమ్మ ఒకవైపంతా నిగనిగలాడే నీలం, మూలన చిన్న పువ్వు. 'పైవాళ్లు పెట్టిన గుర్తేమో, మనకెందుకు' అనుకుని అలాగే లోపల పెట్టేశాడు.

కొన్ని నెలలకు దిమ్మ బయటికొచ్చింది. మందపాటి అద్దానికి అవతల అది, ఇవతల డైరెక్టరు, గోడమ్మ. యంత్రపు చేతులు రేడియేషన్ కొలిచే మీటరును దగ్గరికి తీసుకెళ్లగానే అది పూనకం వచ్చినట్టు అరిచింది.

"ఇదేనా మీరు చెప్పిన చల్లటి కాంక్రీటు?" అన్నారు డైరెక్టరు.

గోడమ్మ అద్దానికి ముఖం ఆనించి చూసింది. అప్పుడు కనిపించింది పువ్వు. చిన్నప్పుడు తన పెన్సిలు డబ్బా మీద కూడా అదే పువ్వు. వెంటనే అమ్మకు ఫోను చేసి స్పీకరులో పెట్టింది.

"అమ్మా, దిమ్మకి రంగేశావా?"

"వెయ్యనా మరి? నువ్వు ఆదివారం మధ్యాహ్నం పడుకున్నప్పుడు వేశాను. పెద్దవాళ్ల ముందుకెళ్లేదాన్ని బోసిగా పంపుతానా?"

"ఏ రంగు?"

"కోబాల్ట్ నీలం. అసలుది! నా కూతురి దిమ్మకి నకిలీ రంగు పూస్తానా?"

ఏ కోబాల్ట్‌ను ఇన్నేళ్లూ గడప తొక్కనివ్వలేదో, దాన్నే అమ్మ ప్రేమగా రెండు పూతలు పూసింది. నవ్వాలో ఏడవాలో గోడమ్మకు తెలియలేదు.

"రంగు చెక్కించి చూద్దాం సార్," అంది.

యంత్రపు చేతులు నీలం పొరనంతా చెక్కి, సీసపు డబ్బాలో వేసి మూతపెట్టాయి. మీటరు మళ్లీ దిమ్మ దగ్గరికెళ్లింది. అప్పుడొకసారి ఇప్పుడొకసారి టిక్కుమంది, అంతే.

డైరెక్టరు నమ్మలేదు. "ఇంత తక్కువ ఎలా వస్తుందండీ? మీటరు పాడైపోయినట్టుంది."

గోడమ్మ డబ్బా మూత తీయించింది. మీటరు గోలగోల చేసింది. మూతపెట్టి దిమ్మ వైపు తిప్పితే నోరు మూసుకుంది. మరోసారి చేసినా అంతే.

"మీటరు బాగానే ఉంది," అన్నారు డైరెక్టరు నెమ్మదిగా. "మీ కాంక్రీటు ఇంకా బాగుంది. కొత్త గోడ దీనితోనే కడుతున్నాం."

గోడమ్మ గర్వంగా ఏదో చెప్పబోయింది. ఈలోగా ఇంకా ఫోనులోనే ఉన్న అమ్మ అందుకుంది. "చూశావా! నేను రంగెయ్యకపోతే మీ మీటరు బతికే ఉందని ఆయన నమ్మేవారా?"

ఆ వారమే ప్రయోగశాల గోడ మీద కొత్త నియమం వెలిసింది: పరీక్ష దిమ్మలను ఇళ్లకు తీసుకెళ్లరాదు, తల్లులున్న ఇళ్లకు అసలే తీసుకెళ్లరాదు.