నాలుగో గోదాంలో తొలకరి

బంగాళాఖాతం మీదుగా వచ్చిన తొలకరి మబ్బును, సరైన పత్రాలు లేని కారణంగా, పల్లంరేవు కస్టమ్స్ వారు నాలుగో గోదాంలో నిలిపివేశారు. ఈ సంగతి పేపర్లో చదివి జిల్లాలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవలసింది ఇన్నాళ్ళూ నిలపనందుకే అన్నారు. తాతల కాలం నుంచి మబ్బులు ఏటా సరిహద్దు దాటి, ఒక్క కాగితమైనా చూపించకుండా, తిన్నగా పొలాల మీదికి పోయి సరుకు దించేసేవి. పాత అధికారులు కిటికీలోంచి చూస్తూ ఊరుకునేవారు. కొందరు పకోడీలు కూడా తెప్పించుకునేవారు. ఇప్పుడు రేవులో కొత్త స్కానరు బిగించారు, అంతర్జాతీయ వాణిజ్య చట్టం ఆకాశానికీ వర్తిస్తోంది.

మబ్బును గోదాంలో సర్దడానికి కూలీలకు పూటంతా పట్టింది. వెంటిలేటర్లలోంచి పొంగుకొచ్చిన అంచుల్ని లోపలికి దోపి, తలుపుకు సీలు వేసి, అందరూ ఫొటో దిగారు.

ఆ సమయానికి కాకరలంకలో కడలి సత్యవేణి నారుమడి బీటలు వారుతోంది. ఎకరం పొలం కౌలుకు తీసుకుని, ఆ మబ్బును నమ్ముకునే విత్తనం చల్లింది. నారు పోతే నాట్లు లేవు. నాట్లు పడకపోతే కౌలు చేయి మారిపోతుంది. పొలం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

దిగుమతైన సరుకుకు దిగుమతిదారు ఉండాలి, ఎవరూ ముందుకు రాకపోతే వేలం వేస్తారని దండోరా వేశారు. ఊరంతా పాలకేంద్రం దగ్గర పోగయింది. బోర్లున్న ఆసాములు వాచీలు చూసుకున్నారు. సత్యవేణి లేచి, “నేను ఇడిపించుకొత్తానండీ” అంది.

ఊరు ఊగిపోయింది. కాకరలంక నుంచి కొబ్బరికాయలు బయటికి పోవడమే గాని, ఊళ్ళో దిగుమతిదారు అన్న మనిషి ఎన్నడూ పుట్టలేదు. ఆడవాళ్ళు బొట్టు పెట్టారు, మొగుడు నూకరాజు కొత్త చెప్పులు కొన్నాడు, డప్పులతో ఆటో ఎక్కించారు. పెళ్ళినాడు కూడా సత్యవేణికి ఇంత సంబరం కలగలేదు. పెళ్ళిలో ఆమెను సంతకం ఎవరడిగారు కనక!

కస్టమ్స్ ఆఫీసు చల్లగా ఉంది. పూర్వం ఆరు కిటికీల చుట్టూ తిరగవలసి వచ్చేదట, ఇప్పుడు ఒకటే కిటికీ. ఆ ఆరుగురు గుమస్తాలూ దాని వెనక వరసగా కూర్చున్నారు. మనిషి నిలబడితే చాలు, కాగితమే నడుస్తుంది. ఎంత బాగుందో అనుకుంది సత్యవేణి. అధికారి మార్కండేయులు గారు లేచి ఆమెకు కుర్చీ వేశారు. కొత్త సాఫ్ట్‌వేరు సంగతి ఎత్తితే ఆయన కంప్యూటరుకు దణ్ణం పెట్టేవారు.

“సరుకు ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?”

“ఆకాశం నించండి.”

“ఆకాశానికి దేశం కోడు లేదు. సముద్రం అని వేద్దాం. తెచ్చిన ఓడ పేరు?”

“గాలండి.”

ఆయన ‘గాలి’ అని టైపు చేశారు. కంప్యూటరు ఒప్పుకుంది. ఇద్దరూ పట్టలేని సంతోషంతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తరవాత మబ్బు ఏ జాతి సరుకన్న ప్రశ్న వచ్చింది. నీళ్ళని ఒక గుమస్తా, దూదని ఇంకొకరు, పొగని మరొకరు పట్టుబట్టారు. గుప్పెడు మబ్బును సీసాలో పట్టి పరీక్షకు పంపితే, సీసా ఖాళీగా ముట్టిందని జవాబు వచ్చింది. దాంతో సరుకును ఖాళీ సీసాల కింద చేర్చారు. అన్నిటికన్నా తక్కువ పన్ను దానికే. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. సత్యవేణి మనసులో అప్పటికే నాట్లు వేసేసింది.

“ఇక ధర ఒక్కటే మిగిలింది. దీనికి ఎంతిచ్చి కొన్నారు?”

“ఏం ఇవ్వలేదండి. వానకెవరన్నా డబ్బులిత్తారాండి?”

చప్పట్లు ఆగిపోయాయి. మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పరాయిచోటి సరుకును కారుచౌకగా తెచ్చి ఇక్కడ గుమ్మరిస్తే స్థానిక వ్యాపారం చితికిపోతుంది, అలా గుమ్మరించకూడదని చట్టం. ఉచితం కన్నా చౌక లోకంలో లేదు. చితికిపోయిన వ్యాపారం కోసం ఆయన వెతకనక్కరలేకపోయింది. నీళ్ళ ట్యాంకర్ల ఓనరు అబ్బులు గారు పిటిషను పట్టుకుని వరండాలోనే కూర్చున్నారు. ఏటా వానలు దిగగానే ఆయన ట్యాంకర్లు షెడ్డులో ఎండిపోతున్నాయి.

“నీ మీద నాకేం కోపం లేదమ్మా సత్యవేణీ,” అన్నారు అబ్బులు గారు. “ధర పెట్టి కురవమను, నేనే దండేసి తీసుకొత్తాను.”

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు ఎవరికీ. ట్యాంకరు నీళ్ళకు ఊళ్ళో ఎంత పలుకుతుందో మబ్బు మొత్తానికి లెక్కగట్టి సుంకం వేశారు. సత్యవేణి పాడిగేదెను అమ్మినా అది తీరేది కాదు.

“నారు ఎండిపోతందండీ,” అంది.

“మబ్బును చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవద్దని పెద్దలు ఊరికే అన్నారా? వాళ్ళకు ఈ చట్టం అప్పుడే తెలుసు తల్లీ,” అన్నారు మార్కండేయులు గారు, ఎంతో ఆప్యాయంగా.

వెళ్ళేముందు ఆమె నాలుగో గోదాం దగ్గరికి పోయి తలుపుకు చెవి ఆనించింది. లోపల మబ్బు సన్నగా మూలుగుతోంది. తలుపు కింద నుంచి కారిన తడిని కాపలావాడు గుడ్డతో అద్ది, బకెట్లోకి పిండి, బకెట్టుకు సీలు వేస్తున్నాడు. సత్యవేణి తలుపును చేత్తో నిమిరింది. “కాస్త ఓర్చుకో అమ్మా, కాగితం నడుత్తంది,” అని తలుపుకు చెప్పి వచ్చేసింది.

కాగితం నడిచింది. సుంకం కట్టే గడువు దాటింది, వేలం పెట్టారు. పాటకు అబ్బులు గారు ఒక్కరే వచ్చారు. మబ్బును గోదాంలోనే కురిపించి ట్యాంకర్లకు పట్టించారు. సత్యవేణి చెవి దుద్దులు అమ్మి ఒక ట్యాంకరు తెప్పించుకుంది. దాంతో సగం మడే తడిసింది, మిగతా సగం అలాగే ఎర్రబారుతోంది. గొట్టంలోంచి నీళ్ళు పడుతుంటే ఆ వాసన పోల్చుకుని, “ఇది నా మబ్బేనయ్యా,” అని మొగుడితో చెప్పి గట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు పూర్తికాకముందే మార్కండేయులు గారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. జిల్లా మొత్తంలో ఒక్క అబద్ధమైనా లేకుండా పత్రాలు నింపింది ఆమేనట. నమ్మకమైన దిగుమతిదారుల జాబితాకు ఆమె పేరు పంపారట. ఏడాదిపాటు ఆమె పేరున ఏ మచ్చా రాకపోతే, వచ్చే తొలకరిని స్కానరు దగ్గర ఆపకుండా, సుంకం లేకుండా, నేరుగా కాకరలంకకే వదిలేస్తారట. సత్యవేణి ఎగిరి గంతేసింది. ఊళ్ళో మళ్ళీ డప్పులు మోగాయి. పాలకేంద్రం గోడ మీద ఆమె ఫొటో అంటించారు.

డప్పుల సందడి ఇంకా అణగలేదు, ఒక మధ్యాహ్నం గేదెపిల్లంత మబ్బు ఒకటి స్కానరు కన్నుగప్పి వచ్చి, సరిగ్గా ఆమె నారుమడి నెత్తిన, ఎర్రబారిన సగం మీద ఆగింది. చినుకులు మొదలయ్యాయి.

“ఓరయ్యా, బరకం! బరకం అట్రా!” అని కేక పెట్టింది సత్యవేణి.

ధాన్యం మీద కప్పే పెద్ద నీలం బరకాన్ని నూకరాజు మోసుకొచ్చాడు. గట్టు మీద నిలబడి మొహం పైకెత్తాడు.

“తడవనీవే. ఎవరు సూత్తారు?”

“దొంగసరుకయ్యా అది! నా పేరేం గావాలి?”

చెరో అంచూ పట్టి మడి మీద బరకం కప్పి, కొసలకు రాళ్ళు పెట్టారు. వాన బరకం మీద టపటపా కొట్టుకుని, జారి, మురుగుకాలవలోకి పోతోంది. ఇరుగుపొరుగు రైతులు కూడా చూసి, ఎవరి మడి మీద వాళ్ళు బరకాలు కప్పుకున్నారు. చేలన్నీ నీలంగా మెరిశాయి. సత్యవేణి దొంగరవాణా కబురు చెప్పే ఉచిత నంబరుకు ఫోను కొట్టింది.

“చినుకు పడ్డది నిజమేనా అమ్మా? ఆధారం ఏమన్నా ఉందా?” అంది అవతలి గొంతు.

“ఉందండీ. ఒక చుక్క నా మోచేతి మీద పడిందండి. తుడవలేదండి. తవరొచ్చి రాసుకునేదాకా అలాగే ఉంచుతానండి.”

ఫోను పెట్టేసి, ఆ చుక్క జారి మడిలో పడిపోకుండా, చేయి చాపుకుని రోడ్డు కేసి చూస్తూ నిలబడింది.