ఆదర్శ బాలిక పవిత్ర గారి ఆహార నియమాలు

మహమ్మారి రెండో ఏడు కోలారు బంగారు గనుల ప్రాంతంలో పిల్లల ఆరోగ్యం మునుపెన్నడూ లేనంతగా బాగుపడిందని స్వర్ణభూమి బాల వికాస సమితి ప్రకటించింది. ఆ సంగతి రుజువు చేయడానికి 'ఆదర్శ బాల' పోటీ పెట్టింది. రుజువుల జోలికి పోకుండా ప్రకటించడమే సమితికి అలవాటు. కానీ ఆ నెలల్లో అందరికీ చేతినిండా తీరిక ఉండేది.

సమితి అధ్యక్షులు శ్రీనివాసప్పగారు. రాబర్ట్‌సన్‌పేటలో మూడంతస్తుల ఇల్లు, ఇంటినిండా మనుషులు, ఆ మనుషులందరికీ కలిపి ఒక్కడే మనవడు. పేరు చిరంత్, వయసు ఐదు. బడి మూతపడ్డాక పాఠాలు ఫోనులోకి వచ్చాయి. ఫోను ముందు కూర్చోబెట్టడానికి బిస్కెట్లు వచ్చాయి. బిస్కెట్లు మొహం మొత్తితే చిప్స్ వచ్చాయి. ఏడాది తిరిగేసరికి చిరంత్ ఇరవైతొమ్మిది కిలోలు తూగాడు. బరువు తగ్గించకపోతే కష్టమని ఇంటి డాక్టరు చెప్పాడు. దేశంలోని బాలలందరినీ పట్టి పీడిస్తున్న సమస్య లావేనని ఆ మరునాడే అధ్యక్షులవారు గ్రహించారు. పెద్దమనుషులు దేశం గురించి ఆలోచించడం తమ ఇంటి హాల్లోనే మొదలుపెడతారు. చాలాసార్లు అక్కడే ముగిస్తారు కూడా.

పోటీ నియమాలు తేలిక. బిడ్డను కాటా మీద నిలబెట్టి ఫోటో తీసి పంపాలి. వారం రోజులు ఇంటి వంటలో ఏమేం తిన్నదీ, ఎంతసేపు నడిచిందీ, ఎంతసేపు ఫోను చూసిందీ ఒక ఫారంలో నింపాలి. అంగన్‌వాడీలన్నీ తలా ఒక బిడ్డను పంపాలని సూపర్వైజరు పురుషోత్తమ్ సాయంత్రంలోగా గడువు పెట్టాడు. అప్పటికి ఏడాదిగా అంగన్‌వాడీలు మూతపడి ఉన్నాయన్నది వేరే సంగతి. దానికి వేరే సర్క్యులర్ ఉంది.

ఆండర్సన్‌పేటలో అంగన్‌వాడీ టీచరు సెలీన్. తాతల కాలం నుంచి గని కుటుంబం. గని మూతపడ్డా ఆ ఇంటివాళ్లకు లోతు చూసే అలవాటు పోలేదు. సెంటరుకు తాళం పడ్డాక ఆమె ఇల్లిల్లూ తిరిగి గుడ్లు, పౌష్టికాహార పౌడరు ఇచ్చి వస్తుండేది. ఫారం చేతికి రాగానే నేరుగా మునిలక్ష్మమ్మ ఇంటికి పోయింది.

మునిలక్ష్మమ్మ మనవరాలు పవిత్రకు నాలుగేళ్లు. పిల్ల తల్లి రత్న రోజూ బంగారుపేటలో రైలెక్కి బెంగళూరు పోయి బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. రైళ్లు ఆగాయి, ఆ వెనకే పనీ ఆగింది. ఇప్పుడు మాస్తి దగ్గర టమాటా తోటల్లో కూలికి పోయి వారానికొకసారి వస్తున్నది. పిల్ల అవ్వ దగ్గరే ఉంటుంది. అవ్వ పొయ్యిలోకి సీమతుమ్మ కట్టెలు ఏరడానికి గని వ్యర్థపు మట్టి పోసిన సైనైడ్ దిబ్బ అవతలికి పోతే పిల్లా వెంట నడుస్తుంది.

సెంటరు కాటాను కొవిడ్ కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ దానిమీద ఏం తూచారో ఎవరికీ తెలియదు. అందుకని సెలీన్ పవిత్రను పాత ఇనుము కొనే కొట్టుకు ఎత్తుకుపోయి, అక్కడి కాటా మీద నిలబెట్టింది. పదిన్నర కిలోలు. కొట్టువాడు నమ్మలేక కాటాను రెండుసార్లు తట్టి చూశాడు. ఫోటో తీసి, ఫారంలో సెలీన్ నిజం రాసింది. పొద్దున రాగి అంబలి. మధ్యాహ్నం సంగటి, చింతపండు నీళ్లు. సాయంత్రం ఏమీ లేదు. నడక రోజుకు ఆరు కిలోమీటర్లు. ఫోను చూడదు, ఇంట్లో లేదు.

"ఇదెందుకమ్మా రాసేది? మన బండారమంతా ఊరికి తెలిసిపోతాది" అన్నది మునిలక్ష్మమ్మ.

"తెలియాలనే రాసినానవ్వా. పెద్దోళ్లు చూస్తారు. చూస్తే ఒక్కరికన్నా గుండె గుభేలంటాది" అన్నది సెలీన్.

ఉద్యోగంలో ఇరవై ఏళ్లున్నా సెలీన్‌కు ఇలాంటి ఆశలు ఎలా మిగిలాయో చెప్పడం కష్టం.

న్యాయనిర్ణేతలు ఫారాన్ని నియమం ప్రకారమే చదివారు. చక్కెర లేదు, పది మార్కులు. నూనె లేదు, పది. రాత్రి భోజనం తేలికగా ఉందా అన్న ప్రశ్నకు అసలే లేదని జవాబు వచ్చింది కనుక పదికి పది ఇచ్చి, పక్కన 'అద్భుతం' అని రాశారు. సిరిధాన్యం రోజుకు రెండు పూటలు. నడక ఆరు కిలోమీటర్లు. తెర చూసే సమయం సున్నా. హాబీల దగ్గర ఖాళీ వదిలినందుకు నాలుగు మార్కులు తగ్గించారు. మొత్తం నూటికి తొంభైఆరు. పవిత్ర మొదటి బహుమతి గెలుచుకుంది.

సన్మానం సమితి హాల్లో, మాస్కులతో, ఆరడుగుల దూరం పాటిస్తూ జరిగింది. అధ్యక్షులవారు మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా. మనం బిడ్డలకు ప్రేమ అనే పేరుతో నెయ్యి, గుడ్లు, పాలు పెట్టి పాడు చేస్తున్నాము. ఈ చిరంజీవిని చూడండి. ఒక్క గ్రాము అదనపు కొవ్వు ఉందా? ఇది మన పూర్వుల జీవనశైలి. ఈ బాలిక కుటుంబం నుంచి మనమందరం నేర్చుకోవలసి ఉంది. పేదరికం వీరికి ఇచ్చిన ఆరోగ్యాన్ని సంపద మనకు ఇవ్వలేకపోయింది."

చివరి వాక్యానికి బాగా చప్పట్లు పడ్డాయి. ఆ సమయంలో పవిత్ర మెడలోని దండ నుంచి రెండు గులాబీ రేకులు తెంపి నోట్లో వేసుకుంది. ప్రకృతి ఆహారం మీద బాలికకున్న మక్కువను సభ్యులు ఫోటో తీసుకున్నారు. తినుబండారాలను ప్రోత్సహించకూడదన్నది సమితి ఆశయం. కాబట్టి బహుమతిగా ప్రశంసాపత్రం, దానితోపాటు ఒక స్కిప్పింగ్ తాడు ఇచ్చారు.

బయటికి వచ్చాక మునిలక్ష్మమ్మ ఆ పొట్లం విప్పి చూసింది.

"తినేదేమీ లేదా టీచరమ్మా?"

"తాడవ్వా. ఎగిరేదానికి."

"ఎగిరితే ఇంగా ఆకలవుతాది గదమ్మా" అని ముసలామె తాడును సంచి అడుక్కు తోసింది.

గుండెలు గుభేలుమంటాయనుకున్నచోట చప్పట్లు వినిపించడం సెలీన్‌కు కొత్త.

అసలు బహుమతి మరుసటి వారం అందింది. బలహీన పిల్లల లిస్టులో ఉన్నందుకు పవిత్రకు సెంటరు నుంచి రోజూ ఒక గుడ్డు, పౌడరు వచ్చేవి; ఫారం ఇంటి వంటనే అడిగింది కనుక అవి అందులోకి ఎక్కలేదు. ఇంట్లో పళ్లెంలోకి వచ్చే బలమంతా అదే. ఆ లిస్టులోంచి పేరు తీసేశారు. సెలీన్ పురుషోత్తమ్ ఆఫీసుకు పోయింది.

"నేనేం చేసేదమ్మా?" అన్నాడు పురుషోత్తమ్. మనిషి చెడ్డవాడు కాడు, కాగితం చెప్పినట్టు నడుచుకుంటాడు. "జిల్లాలోనే ఆరోగ్యమైన బిడ్డని సర్టిఫికెట్ వచ్చిండాది. ఆ బిడ్డను బలహీనుల లిస్టులో పెట్టుకుంటే నన్ను అడగరా?"

"పదిన్నర కిలోలు సార్ బిడ్డ."

"అది ఇనుప కొట్టు కాటా. సర్టిఫికెట్టేమో సమితిది. ఏది పెద్దది, నువ్వే చెప్పు."

"బిడ్డను ఒకసారి వచ్చి చూడండి సార్."

"చూస్తే ఏమవుతాది? నాకు జాలేస్తాది. జాలికి ఫైల్లో కాలమ్ లేదమ్మా. సమితివాళ్లు తప్పని రాసిస్తే తీసుకుంటాను."

మూడు వారాలు గడిచాయి. పవిత్ర నోటి మూలలు పగిలాయి. కట్టెలకు పోయేటప్పుడు సగం దారిలో కూర్చుండిపోతే అవ్వ ఒక చంకన పిల్లను, తలమీద మోపును మోసుకొచ్చింది. తరువాత జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గినా పిల్ల గోడకానుకొని కూర్చుని ఉండేది తప్ప, వాకిట్లో కోడిపిల్లలను తరమడం మానేసింది. సెలీన్ తన ఇంట్లోంచి పాలు, గుడ్డు తెచ్చి ఇచ్చేది. ఆమె ఇంట్లోనూ తినే నోళ్లు ఉన్నాయి, జీతం రెండు నెలలుగా దారిలోనే ఉంది. ఆదర్శ బాలిక ఫోటో మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో ఆరోగ్యంగా తిరుగుతూ ఉంది.

ఒక ఉదయం సెలీన్ మంచి చీర కట్టుకుని శ్రీనివాసప్పగారి ఇంటికి పోయింది. మొహంలో భక్తి తప్ప మరేమీ కనిపించనివ్వలేదు.

"అప్పా, మీ ప్రసంగం విని జనమంతా మారిపోయినారు. అందరూ ఒకటే అడుగుతుండారు. మన అధ్యక్షులు మనవడికి ఈ పద్ధతి ఎప్పుడు మొదలుపెట్టినారు, ఎన్ని కిలోలు తగ్గినాడు అని. నేనేం చెప్పాలో తెలీక వచ్చినాను."

అధ్యక్షులవారు భార్య చిన్నవెంకటమ్మ వైపు చూశారు. ఆమె మనవడి వైపు చూసింది. మనవడు ఫోను చూస్తున్నాడు.

"రేపే మొదలు" అన్నారు అధ్యక్షులవారు. అప్పటికప్పుడు ఆ మాట గ్రూపులో కూడా పెట్టారు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా నూటపది మంది నమస్కారాలు పెట్టారు.

మొదటి రోజు పొద్దున చిరంత్ అంబలి తాగి, టిఫిన్ ఎప్పుడని అడిగాడు. మధ్యాహ్నం సంగటి తిని, అన్నం ఎప్పుడని అడిగాడు. సాయంత్రం ఏమీ అడగలేదు, వంటింటి తలుపు దగ్గర బోర్లా పడుకుని ఏడ్చాడు. నడకకు కారులో పార్కుదాకా తీసుకెళ్తే, ఒక కిలోమీటరు నడిచి మిగతా ఐదూ తాత భుజాలమీద పూర్తి చేశాడు. రెండో రోజు పదకొండు గంటలకు పిల్లవాడు కనిపించలేదు. ఇల్లంతా వెతికితే పెరట్లో దొరికాడు. కుక్క పళ్లెం ముందు కూర్చుని, దానికి పెట్టిన పాలన్నం, కోడిగుడ్డు తింటున్నాడు. కుక్క మర్యాదగా పక్కకు జరిగి కూర్చుంది.

చిన్నవెంకటమ్మ చూసి డాక్టరుకు ఫోను చేసింది. డాక్టరు పది నిమిషాల్లో వచ్చాడు. తిండి పట్టిక చూసి ఆయనకు కోపం వచ్చింది. "నేను చిప్స్ మానిపించమన్నాను, తిండి కాదు. ఎవరు రాసిచ్చారిది? నెల పెడితే ఎదుగుదల ఆగిపోతుంది. రోగం వస్తే తట్టుకోలేడు. గుడ్డు, పాలు, పప్పు రోజూ పడాలి." అదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

అధ్యక్షులవారు ఆ కాగితం జతచేసి, పురుషోత్తమ్ ఆఫీసుకు ఘాటైన ఫిర్యాదు రాశారు. 'ఈ ఆహారం ఏ బిడ్డకూ తగినది కాదు. ఒకటిన్నర రోజులో నా మనవడు ప్రాణాపాయం దాకా వెళ్లాడు. ఇటువంటి పట్టిక తయారుచేసిన వారిపై కఠిన చర్య తీసుకోవాలి.'

ఆ పట్టిక తయారుచేసింది ఎవరో తేల్చడానికి పురుషోత్తమ్ సెలీన్‌ను పిలిపించాడు.

"నేను తయారు చేయలేదు సార్, చూసి రాసినాను. సమితివాళ్లు తప్పని రాసిస్తే తీసుకుంటానన్నారు గదా. అధ్యక్షులే రాసినారు, డాక్టరు సంతకం కూడా ఉండాది."

పురుషోత్తమ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. కాగితం చెప్పినట్టు నడుచుకునే మనిషి కాబట్టి, ఆ సాయంత్రమే పవిత్ర పేరు తిరిగి లిస్టులోకి ఎక్కించాడు.

మూడో రోజు చిన్నవెంకటమ్మ కారులో ఆండర్సన్‌పేటకు వచ్చింది. ఒక అట్ట నిండా గుడ్లు తెచ్చింది. పవిత్ర మణికట్టును రెండు వేళ్లతో చుట్టి చూసింది. తరువాత సెలీన్‌ను అడిగింది.

"ఈ పాప రోజూ అదే తింటాదా?"

"అవునమ్మా."

"ఏడవదా?"

"అలవాటైపోయిండాదమ్మా" అన్నది మునిలక్ష్మమ్మ, మధ్యలో కల్పించుకుని. తమవల్ల అంత పెద్దామె బాధపడటం ఆమెకు ఇబ్బందిగా ఉంది.

రెండు నెలల్లో పవిత్ర కిలోంబావు పెరిగింది. కోడిపిల్లలకు మళ్లీ మనశ్శాంతి లేకుండా పోయింది. ఫిర్యాదుపై తీసుకున్న కఠిన చర్యగా సెలీన్‌కు ఒక మెమో వచ్చింది. ఆమె దాన్ని మడిచి బైబిలులో పెట్టుకుంది.

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ ఆ పేటలోనే అదే తిండి తింటూ, ఏ లిస్టులోనూ లేని పిల్లలు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ల పేర్లు సెలీన్ రాసి ఇచ్చింది. ఒకసారి నడిచిన పద్ధతి నియమమవుతుంది కనుక ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. 'ఇకమీదట బలహీనుల లిస్టులో చేర్చవలసిన ప్రతి బిడ్డ విషయంలోనూ, సదరు ఆహారం తిని గౌరవనీయ కుటుంబపు బిడ్డ ఒకరు తాళలేకపోయినట్లు డాక్టరు ధ్రువీకరణ జతపరచవలెను.' అధ్యక్షులవారికి ఒక్కడే మనవడు. సెలీన్ పెద్ద ఇళ్లన్నీ తిరిగి అడిగింది. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, ఆ పదకొండు మందినీ తలుచుకుని కళ్లు తుడుచుకున్నారు. బిడ్డను మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇంతదాకా చదివిన మీరూ మంచివారే. అలాంటి తిండి ఏ బిడ్డకూ పెట్టకూడదని ఈపాటికి మనసులో అనుకునే ఉంటారు. ఆ మాటే ఒక కాగితం మీద రాసి పంపండి, పని జరుగుతుంది. ఒక్క చిన్న నియమం ఉంది. 'ఏ బిడ్డకూ' అన్నచోట మీ బిడ్డ పేరు ఉండాలి. లేకపోతే చెల్లదు.