ముక్కుతో పలికిన చెయ్యి

శనివారం పొద్దున అమోకో వేసుకున్న పథకం చాలా చిన్నది. కుమాసిలో ఎండ ఎక్కకముందే డాంక్వా ఇంటికి వెళ్లాలి, ఆయన వడ్రంగి బల్ల మీద గిటారు పడుకోబెట్టాలి, దానికి చెయ్యి బిగించుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఫూఫూ ముద్ద తిని పడుకోవాలి.

గిటారుకు చెయ్యేమిటని అడిగేవాళ్లుంటారు. తీగల చివర్లు పట్టి ఉంచే ఇనుప పలక ఒకటి, దాని మీద ఒక స్ప్రింగు, ఆ స్ప్రింగుకు తగిలించిన వంకర కమ్మీ ఒకటి. వాయిస్తూ వాయిస్తూ ఆ కమ్మీని కాస్త అదిమి వదిలితే తీగలన్నీ ఒక్కసారి సడలి బిగుస్తాయి, స్వరం గాలికి దీపంలా ఊగుతుంది. మా ఊళ్లో ఆ కమ్మీనే గిటారు చెయ్యి అంటారు. అది లేక అమోకో ఇన్నాళ్లూ గిటారు మెడ పట్టుకుని ఊపేవాడు. మెడ దగ్గర చెక్క పగుళ్లిచ్చింది. చివరికి తేమా రేవులో ఒకాయన దగ్గర వాడిన సామాను దొరికింది.

ఇక్కడ మా భాష సంగతి కొంచెం చెప్పాలి. చేతిని మేము ఎన్సా అంటాం. మత్తెక్కే మందునూ ఎన్సా అంటాం, కాకపోతే దాన్ని ముక్కుతో పలుకుతాం. పిల్లనడగడానికి వెళ్లేటప్పుడు సీసాల్లో పట్టుకెళ్లేది ఈ ముక్కు ఎన్సాయే. అది పుచ్చుకున్నారంటే పెళ్లయిపోయినట్టు. మామూలు రోజుల్లో ఈ రెండు మాటలతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అయితే అది ఎడారి నుంచి దుమ్ముగాలి వీచే కాలం. అమోకోకు వారం నుంచి జలుబు. వాడు ఏది పలికినా ముక్కుతోనే పలుకుతున్నాడు.

డాంక్వా మేనకోడలు సెర్వా. మాలో ఆడపిల్లను ఇవ్వాలన్నా మానాలన్నా మేనమామదే మాట. సెర్వా అంటే అమోకోకు ప్రాణం. సెర్వాకు కూడా వాడంటే ఇష్టమేనని ఆ వీధిలో కోళ్లకు సహా తెలుసు. అయినా వాడు ఏళ్ల తరబడి ఉత్త చేతులతో వెళ్లి, ఆ అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి వచ్చేవాడు. వేల మంది ముందు మా హైలైఫ్ డాన్సు పాటలు అదరగొట్టే మనిషికి నలుగురు పెద్దల ముందు నిలబడాలంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ముందు గిటారు బాగుచేసుకుని, పేరు తెచ్చుకుని, అప్పుడు అడుగుదామని తనకు తాను చెప్పుకునేవాడు. డాంక్వాకు ఓపిక అయిపోయింది. ఈ దుమ్ముగాలి ఆగేలోపు ఎన్సా రాకపోతే ఒబువాసి గనుల్లో పనిచేసే పెళ్లికొడుకు తరఫు వాళ్లను రమ్మంటానని తెగేసి చెప్పాడు.

అటువంటి సమయంలో అమోకో ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఎన్సా వచ్చేసింది. శనివారం పొద్దున మీ ఇంటికి పట్టుకొస్తా."

డాంక్వా గొంతు సవరించుకుని, "మొత్తానికి వచ్చిందన్నమాట. ఎవరెవరొస్తున్నారు?" అన్నాడు.

"నేనొక్కణ్నే. గంటలో అయిపోద్ది."

"ఒక్కడివే ఎట్టా వస్తావయ్యా? మీ వాళ్లు లేకుండా అయ్యే పనా అది? మా వాళ్లందరూ కూచుని చూస్తారు కూడాను."

ఆ ఇంట్లో గిటారు మీద ఇంత అభిమానం ఉందని అమోకో ఎన్నడూ అనుకోలేదు. వాడి కళ్లు చెమర్చాయి. సరుకు మంచిదేనా అని డాంక్వా అడిగితే, వాడిందే గానీ పైదేశంది, తుప్పు గీకేశానని చెప్పాడు. జలుబు బుర్రకెక్కినట్టుందని డాంక్వా సరిపెట్టుకున్నాడు.

రెండో ఫోన్ వాడి పెద్దమ్మ పొకువా నుంచి వచ్చింది. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆవిడే. శనివారం వచ్చి పెండలం బస్తాలు మోసిపెట్టమంది. కుదరదు పెద్దమ్మా, ఎన్సా వచ్చింది, డాంక్వా ఇంటికి పట్టుకెళ్లాలి అన్నాడు వాడు. అంతే, పొకువా భోరుమంది. వాడు కంగారుపడి, "ఏడవకే పెద్దమ్మా, పెండలం ఆదివారం మోస్తాగా" అని ఓదార్చాడు. ఆవిడ ముక్కు చీదుకుంటూ ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రానికల్లా చుట్టాలందరికీ కబురు చేసింది. తమ తరఫున పెళ్లిమాట చెప్పడానికి చేతికర్రతో ఒక పెద్దమనిషిని కూడా కుదిర్చింది. సీసాల సంగతి మాత్రం తలపెట్టలేదు. వచ్చేసిందని పిల్లవాడే చెప్పాడు కదా.

శనివారం అమోకో నూనె మరకల చొక్కా వేసుకుని, గిటారును గోనెసంచిలో చుట్టుకుని డాంక్వా వాకిట్లో అడుగుపెట్టాడు. వాకిలంతా షామియానా. దాని కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో తెల్లబట్టల్లో పెద్దలు.

కుమాసిలో శనివారం షామియానా కనిపిస్తే ఎవరు పోయారని అడుగుతారు. మామూలు చావుకైతే ఎరుపూ నలుపూ కడతారు, పండు వయసులో పోతేనే తెలుపు. పెళ్లిమాటలకీ తెలుపే కడతారు గానీ, అది వాడికి తట్టలేదు. ఆ ఇంట్లో పండు వయసున్నది డాంక్వా తల్లి నానా అఫ్రా ఒక్కతే. ఆవిడే పోయిందనుకున్నాడు అమోకో. వాడు వెళ్లినప్పుడల్లా నీళ్లు ఇచ్చేది ఆ ముసలమ్మే. గోనెసంచి గోడకానించి, ముఖం వేలాడేసుకుని, పద్ధతి ప్రకారం కుడివైపు నుంచి మొదలుపెట్టి అందరికీ చేతులు కలిపాడు.

"కష్టమే మావయ్యా" అన్నాడు డాంక్వా దగ్గర ఆగి.

"కష్టమే నాయనా" అన్నాడు డాంక్వా. "కానీ ఎన్నాళ్లని ఉంచుకుంటాం? ఎప్పటికైనా పంపించాల్సిందేగా."

"బాగా బతికింది."

"ఏదో, లోటు లేకుండా చూసుకున్నాం."

అప్పుడు నానా అఫ్రా కర్ర టకటకలాడించుకుంటూ లోపలినుంచి వచ్చి, తన కుర్చీలో ఎవరు కూర్చున్నారని గద్దించింది. అమోకో ఆవిడ చెయ్యి పట్టుకుని, వెచ్చగా ఉందని నిర్ధారించుకుని, ఇంకాసేపు వదల్లేదు. ఇంత ఆప్యాయత గల అల్లుడు ఒబువాసిలో దొరకడని ఆవిడ కొడుకు చెవిలో చెప్పింది.

పోయింది ఎవరో అమోకోకు అర్థం కాలేదు, అడగడానికి మొహమాటం. వీళ్ల కార్యక్రమం వీళ్లది, నా పని నాదనుకుని, సంచి తీసుకుని పక్కన వడ్రంగి బల్ల ఉన్న కొట్టంలోకి వెళ్లాడు. తీగలు విప్పాడు. పాత పట్టీ ఊడదీశాడు. గిటారు మెడ మధ్య నుంచి దారం లాగి, కింది దాకా సుద్దతో గీత గీశాడు, ఎందుకంటే పలక వెంట్రుకంత పక్కకు జరిగినా తీగలన్నీ ఓ పక్కకే ఒరుగుతాయి. చేతి బరమాతో రంధ్రాలు చేశాడు. పలక బిగించాడు. స్ప్రింగు కుదిర్చాడు. ఇక చెయ్యి తగిలించడమే తరవాయి. కొట్టం గుమ్మంలోంచి పెద్దలంతా మెడలు చాచి చూస్తున్నారు. పెళ్లికి ముందు పని చేసి చూపించడం కుర్రాడి కుటుంబంలో కొత్త ఆనవాయితీ కాబోలని వాళ్లలో వాళ్లు మెచ్చుకుంటున్నారు.

వీధిలో వ్యాను ఆగింది. పొకువా దిగింది. వెనకే చుట్టాలు, వాళ్ల వెనక చేతికర్ర పెద్దమనిషి. చెక్కపొట్టు కొట్టుకున్న అమోకోను చూసి పొకువా నుదురు కొట్టుకుంది.

"పెళ్లికొడుకువి, ఇదేం అవతారంరా?"

అమోకో పెద్దమ్మను చూశాడు, షామియానా చూశాడు. ఇంటి గుమ్మంలోకి చూశాడు. అక్కడ సెర్వా రంగురంగుల కెంటే నేతబట్ట కట్టుకుని, జుట్టు కొత్తగా అల్లించుకుని నిలబడి ఉంది. ఆ ముఖంలో అంత వెలుగు వాడు ఎన్నడూ చూడలేదు. ఇదంతా పొరపాటని చెప్పేద్దామనుకున్నాడు. ఆ ముఖం చూస్తూ చెప్పలేక, చొక్కా మీది పొట్టు దులుపుకున్నాడు. వాణ్ని తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. చేతిలో కమ్మీ అలాగే ఉండిపోయింది.

చేతికర్ర పెద్దమనిషి మొదలుపెట్టాడు. దారిన పోతూ ఈ తోటలో ఒక పువ్వును చూశామని, చూశాక కాళ్లు ముందుకు పడలేదని, పువ్వు మీదే అయినా నీళ్లు పోసుకునే భాగ్యం మాకివ్వమని చక్కగా సాగదీశాడు. ఆఖరున, "ఇదిగో మా ఎన్సా" అంటూ అమోకో వైపు అరచెయ్యి చాచాడు.

పొకువా కళ్లతో తొందర చేసింది. అమోకో చేతిలో ఉన్న కమ్మీనే ఆ అరచేతిలో పెట్టాడు.

డాంక్వా ఆ వంకర కమ్మీని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమిటిది?"

"ఎన్సా" అన్నాడు అమోకో. భయానికి ముక్కు తెరుచుకుంది. వారం రోజుల తర్వాత మొదటిసారిగా ఆ మాట స్వచ్ఛంగా వచ్చింది. ముక్కు లేదు, మందు లేదు, ఉత్త చెయ్యి.

పొకువా కొంగు నోట్లో కుక్కుకుంది. డాంక్వా లేచి, మా పిల్లనేమన్నా ఇనపసామాను కొట్లో పెట్టామా అని, ఈ పూటే ఒబువాసికి ఫోన్ చేస్తానని, షామియానా విప్పమని అన్నాడు. అంతలో నానా అఫ్రా కర్రతో నేల మీద కొట్టింది. ఎన్సా పుచ్చుకోవాలో వద్దో పిల్లను మూడుసార్లు అడగాలి, అడక్కుండా తిప్పి పంపే హక్కు నీ అబ్బకు కూడా లేదంది. వాళ్ల అబ్బ ఆవిడ భర్తే కనుక డాంక్వా కూర్చున్నాడు.

సెర్వా వచ్చి నిలబడింది. ఎవరూ అడగకముందే అమోకో లేచాడు.

"ఇది గిటారుకని తెచ్చుకున్నాను సెర్వా. అబద్ధమాడలేను. తేవాల్సింది తేకుండా ఏళ్లు గడిపాను. నువ్వు కాదంటావని కాదు, వీళ్లందరి ముందు మాట పడిపోద్దని భయం. ఇప్పుడు చూడు, మాట్లాడుతున్నా. నువ్వు లేకపోతే ఆ గిటారుకి ఎన్ని చేతులుంటే మాత్రం ఏం చేసుకుంటాను?"

"సెర్వా, ఈ ఎన్సా పుచ్చుకోమంటావా?" అని అడిగాడు డాంక్వా, గొంతులో ఒబువాసి ఇంకా మిగిలే ఉంది.

"ఇన్నాళ్లూ ఉత్త చేతులతో వచ్చాడు మావయ్యా" అంది సెర్వా. "ఇవాళ చెయ్యి తెచ్చాడు. పుచ్చుకో."

రెండోసారి అడిగితే పుచ్చుకో అంది. మూడోసారి, చెవుడా మావయ్యా అంది.

పొకువా మళ్లీ భోరుమంది. నానా అఫ్రా నవ్వి నవ్వి దగ్గింది. నేల మీద పోయిన పెద్దల పేరున ధారపోయడానికి ముక్కు ఎన్సా కావాలి గనుక డాంక్వాయే లోపలికి వెళ్లి, తన పెట్టెలో దాచుకున్న సీసా తెచ్చి, మూత తిప్పుతూ, పిల్లనిచ్చేవాడే మందు కూడా పోయడం ఎక్కడా వినలేదని గొణిగాడు. గొణుగుతూనే అమోకో వీపు తట్టాడు.

సాయంత్రం తీగలు బిగించుకుని, కమ్మీ తీసుకుందామని అమోకో చెయ్యి చాస్తే, డాంక్వా దాన్ని తెల్లగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పుచ్చుకున్న ఎన్సా తిరిగి ఇచ్చారంటే మాలో కాపురం తెగిపోయినట్టు. కాబట్టి పలక గిటారు మీద, చెయ్యి మేనమామ దగ్గర. అరువుకు ఇవ్వొచ్చని మాత్రం నానా అఫ్రా తీర్పు చెప్పింది. అందుకని ఇప్పుడు అమోకో ఎక్కడ వాయించినా డాంక్వా ముందు వరసలో కూర్చుంటాడు, అవసరమైన పాట రాగానే లేచి గుడ్డ విప్పి చెయ్యి అందిస్తాడు, పాట కాగానే పుచ్చుకుంటాడు. ఒక్క కచేరీ కూడా మానడు. తండ్రి ముఖం ఎరగని అమోకోకు, ముందు వరసలో తన కోసం ఒక పెద్దాయన కూర్చుని ఉండటం చూసినప్పుడల్లా ఇంకో పాట వాయించాలనిపిస్తుంది. దుమ్ముగాలి మొదలై జలుబు చేసినప్పుడల్లా వాడు తుమ్మి తుమ్మి దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. ఆ జలుబే లేకపోతే ఈపాటికి ఆ అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతూ ఉండేవాణ్నని మాతోనే ఎన్నోసార్లు అన్నాడు.

ఇంత తిప్పలెందుకు, ఇంకో చెయ్యి కొనుక్కోరాదా అని ఎవరైనా అడిగితే మాత్రం వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంటాడు, "రెండో ఎన్సా తెచ్చానని సెర్వా చెవిన పడిందంటే, నాకున్న రెండు చేతులూ ఉండవు."