మామగారి బ్రష్షు తడిగా ఉంది

మీరు నవ్వినా పర్వాలేదు. మా ఆవిడ ముందు మాత్రం నవ్వకండి.

నా పేరు దొరస్వామి. మదనపల్లె టమోటా మండీలో గుమాస్తాని. దొరతనం పేరులోనే ఉంది. ఇంట్లో ఆ ఉద్యోగం మా ఆవిడ ప్రసన్నలక్ష్మి చూసుకుంటుంది.

పోయిన చలికాలం దాకా డబ్బా నొక్కితే బుస్సుమని వచ్చే నురుగుతోనే గడ్డం గీసుకునేవాణ్ణి. ఆ నురుగు పడక బుగ్గల నిండా ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఓ రోజు మండీలో చౌడేపల్లె రైతు నా మొహాన్ని తేరిపార చూసి, "ఏమప్పా, ఇది నాటా, హైబ్రిడ్డా?" అని అడిగాడు. అంతే, డబ్బా అవతల పారేశాను. ఇక బ్రష్షే అనుకున్నాను.

ఫోన్లో వీడియోలు చూశాను. బ్రష్షుతో నురుగు తియ్యడం ఇంత పెద్ద విద్య అని అప్పటిదాకా తెలియదు. బ్రష్షు కొసన శనగ గింజంత క్రీము పెట్టి నేరుగా బుగ్గ మీదే తిప్పేవాళ్ళు ఒక తెగ. ముందు బుగ్గల మీద చుక్కలు పెట్టుకుని, ఆ తర్వాత తడి బ్రష్షుతో కలిపేవాళ్ళు ఇంకో తెగ. అరచేతిలో తిప్పేవాళ్ళు వేరు. ఇక గిన్నెలో వేసి గుడ్డు గిలక్కొట్టినట్టు గిలక్కొట్టి, తీరిగ్గా మొహానికి పూసుకునేవాళ్ళు మహారాజులు.

విద్య దొరికింది. బ్రష్షు కూడా ఇంట్లోనే ఉంది. అది నాది కాకపోవడమే ఇబ్బంది.

అది మా మామగారిది. ఈశ్వరప్ప, డ్రాయింగ్ మాస్టారు. పుంగనూరు బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల చేత కుండలూ మామిడికాయలూ గీయించి, కుప్పంలో ఇల్లు కట్టుకుని, అప్పటికి ఎనిమిది నెలల క్రితం అక్కడే పోయారు. ఆ ఇంటి నుంచి ప్రసన్న నగలు తేలేదు, బిందెలు తేలేదు. ఆయన గడ్డం బ్రష్షు, ఇత్తడి గిన్నె, సగం వాడిన గంధం క్రీము ట్యూబు తెచ్చి మా బాత్రూం గూటిలో పెట్టింది.

"వీటిని ముట్టుకున్నారో, సూడండి ఇంక!" అంది.

ఏం చూడాలో చెప్పలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

అయినా పథకం వేశాను. తెల్లవారగానే ప్రసన్న వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేసి వచ్చేసరికి అరగంట. ఆ అరగంటలో మామగారి బ్రష్షుతో నా గడ్డం. తర్వాత ప్రసన్న జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో బ్రష్షును ఆరబెట్టి, ఏ వాలున ఉన్నది ఆ వాలునే గూట్లో పెట్టెయ్యడం.

మొదటిరోజు అరచేతి పద్ధతి. నీళ్ళు ఎక్కువై నురుగు మోచేతి దాకా కారింది. రెండోరోజు బుగ్గ పద్ధతి. నీళ్ళు తక్కువై మొహం సున్నం కొట్టిన గోడలా ఎండిపోయింది. కానీ పట్టుబడలేదు. నాలో నేనే ఈల వేసుకుంటూ మండీకి వెళ్ళాను.

మూడోరోజు బ్రష్షు తీసి పట్టుకుంటే తడిగా ఉంది.

ముందురోజు నేను సరిగ్గా ఆరబెట్టలేదేమో అనుకున్నాను. కానీ పట్టుకున్న వేళ్ళకు వేడి తగిలింది. వేణ్ణీళ్ళలో ముంచి అప్పుడే తీసినంత వేడి.

నాలుగోరోజు ఇంకా చీకటి విడలేదు. పక్కన ప్రసన్న లేదు. వీధి తలుపు తీసి ఉంది, బయట ముగ్గు డబ్బా కనబడుతోంది. బాత్రూంలోంచి మాత్రం సర్... సర్... సర్ అని చప్పుడు. ఇత్తడి గిన్నెలో బ్రష్షు తిరుగుతున్న చప్పుడు. తొందర లేదు, ఆగడం లేదు.

"ఎవురాడ?" అన్నాను.

చప్పుడు ఆగింది.

తలుపు తోశాను. లోపల ఎవరూ లేరు. గంధం వాసన. గిన్నె నిండా నురుగు. అది నేను తీసే నురుగు కాదు, గడ్డ పెరుగులా చిక్కగా, మధ్యలో కొస నిలబడి ఉంది. ఆవిరి పట్టిన అద్దం మీద ఎవరో వేలితో రాశారు:

"నిన్న ఎడమ పక్క మిగిలింది."

గుండ్రటి అక్షరాలు. 'క'కు తోకలా చిన్న మెలిక. మా పెళ్ళి శుభలేఖ మీద మామగారు తన చేత్తో రాసిన 'క' అదే. చెయ్యి దానంతటదే ఎడమ చెవి కిందకు పోయింది. అక్కడ నిజంగానే నాలుగు వెంట్రుకలు మిగిలి ఉన్నాయి.

పరుగెత్తి ప్రసన్నకు చెప్పబోయాను. ఏమని చెప్పను? మీ నాయన వచ్చాడంటే, మీకెట్లా తెలుసు అంటుంది. బ్రష్షు ముట్టుకోబట్టి తెలుసు అనాలి. పోయిన మామగారికీ బతికున్న ప్రసన్నకూ మధ్య నిలబడి, నోరు మూసుకున్నాను.

ఆ పూటే మండీకి సెలవు పెట్టి పుంగనూరు బస్సెక్కాను. అక్కడ బాలప్ప అని ముసలి మంగలి. మామగారికి చాలా ఏళ్ళు జుట్టు కత్తిరించిన మనిషి. అంతా విని కత్తెర పక్కన పెట్టాడు.

"మాస్టారు జుట్టుకే నాకాడికి వస్తాండె. గడ్డం మాత్రం ఒకరి చేత గీయించుకునే మనిషి కాదప్పా. నురుగు బాగలేకుంటే మళ్ళీ మొదుటి నుంచీ తీస్తాండె. పోయి ఎన్ని నెల్లాయె?"

"ఎనిమిది."

"ఎనిమిది నెల్లంటే గడ్డం ఎంత పెరిగుంటాది సూడు! పాపం, ఆడ ఎవురు గీస్తారు?"

"ఇప్పుడేం జేసేది బాలప్పా?"

"ఆయప్ప పద్ధతిలోనే నురుగు తీసి ఆడ పెట్టు. బ్రష్షు వేణ్ణీళ్ళలో నానాల. రెండే విదిలింపులు. క్రీము శనగ గింజంత. నూరు చుట్లు తిప్పాల, ఇరవై చుట్లకొకసారి రెండు సుక్కలు నీళ్ళు. ఆమీట తప్పు ఒప్పుకో. గెట్టిగా ఒప్పుకోవాల. పెద్దాయనకు చెవుడు గదా."

మర్నాడు తెల్లారి తలుపు గడియ పెట్టుకుని మొదలుపెట్టాను. శనగ గింజంత నొక్కబోతే ట్యూబులో మిగిలినదాంట్లో సగం గిన్నెలో పడింది. కళ్ళు మూసుకుని తిప్పాను. నలభై చుట్లకు నురుగు గిన్నె దాటింది. అరవైకి మోచేతులెక్కింది. ఎనభైకి కాలు జారి, గిన్నెతో సహా నేలమీద పడ్డాను. అయినా ఒప్పుకోవడం మానలేదు.

"మామా! తప్పయింది! నీ బ్రష్షు నాలుగు రోజుల్నుంచీ వాడుకుంటాండాను! ప్రసన్నకు తెలీకుండా దాని జుట్టు మిషనుతోనే ఆరబెడతాండాను! పోయినేడు నువ్వు గీసిచ్చిన పటం గోడకు తలకిందులుగా తగిలించింది కూడా నేనే! నీ కూతురు కాదు!"

లేచి అద్దంలోకి చూశాను. తెల్లటి గడ్డం ఛాతీ దాకా వేలాడుతున్న ముసలాయన నన్నే చూస్తున్నాడు.

నేను పెట్టిన కేకకు పక్కింటి కుక్క కూడా మొరగడం మొదలెట్టింది. ఆ గడ్డం నాదేనని తెలిసేలోపే వెనకనుంచి తలుపు తెరుచుకుంది. నేను గడియ పెట్టిన ఇంటి వైపుది కాదు, పెరటి వైపు తలుపు. మా బాత్రూముకు రెండు తలుపులని ఆ నాలుగు రోజులూ నాకు తట్టనే లేదు.

ప్రసన్న నిలబడి ఉంది. చేతికి ముగ్గుపిండి.

"సాలించండి. ఈదంతా వింటాండాది."

"ప్రసన్నా... మీ నాయన..."

"మా నాయన కాదు, నేనే. మొదుటి రోజే నా మిషను ఆన్ జేస్తే గంధం వాసన గుప్పుమనె. బ్రష్షు తడిపింది నేనే, నురుగు తీసింది నేనే."

"మరి అద్దం మీద రాత?"

"నాకు అక్షరాలు దిద్దించింది ఎవురు? అదే చెయ్యి."

"అడిగుంటే చెప్పేవాణ్ణి గదే!"

"అడిగుంటే అబద్ధం చెప్పుంటారు. ఇప్పుడు సూడండి, అడక్కనే పటం సంగతి గూడా బయటికొచ్చె."

మొహం నిండా నురుగు ఉండబట్టి సిగ్గు కనబడలేదు. క్రీముకు అది ఒక ఉపయోగం.

ఇక బ్రష్షు లాక్కుంటుంది, కేకలేస్తుంది అనుకున్నాను. ప్రసన్న అరవలేదు. నేలమీది గిన్నె తీసి కడిగింది. మొహం తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. బ్రష్షు వేణ్ణీళ్ళలో ముంచి, రెండుసార్లు విదిలించింది. గిన్నెలో సర్... సర్... మొదలైంది.

"కడాన మూడు నెల్లు నాయన చేతులు ఒకటే వణుకుతాండె," అంది, తిప్పుతూనే. "నెలకు రెండు మార్లు కుప్పం పోతాంటి గదా, యాలనుకున్నారు? ఒక్కరి చేతా ముట్టించుకోని మనిషి నాచేత పూయించుకునె. రెండు మూడు రోజులుగా మీకోసమని తిప్పతాంటే... ఆ చప్పుడుకు నాకు బాగుండాది."

నురుగు కొస నిలబడింది. బుగ్గ మీద పెట్టింది. ముందు గుండ్రంగా, తర్వాత పైకీ కిందికీ, గోడకు రంగు వేసినట్టు. వెచ్చగా ఉంది. దద్దుర్ల మంట పోయింది. బయట మంచు, లోపల ఆవిరి. అద్దంలో మా ఇద్దరి మొహాలూ కనబడటం లేదు. ప్రసన్న నా వైపే చూస్తోంది గాని, ఆ చూపు నన్ను దాటి ఎక్కడికో పోతోంది.

"మెడ కింద మిగిలింది," అంది మెల్లగా. "కదలొద్దు. రవ్వంత తల పైకెత్తు నాయనా."

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళలో ప్రసన్న నన్ను ఆ పిలుపు పిలవలేదు, ఆ గొంతుతోనూ మాట్లాడలేదు.

ఎవరిని అన్నావు అని అడగలేదు. తల పైకెత్తాను.