నూట పన్నెండో పేజీలో రాజీనామా

ఆ ఉదయం పురుషోత్తమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మారికుప్పంలో రైలుబండెక్కి, బంగారుపేట చేరేలోగా నూట పన్నెండో పేజీలో మొదలయ్యే అధ్యాయం ముగించాలి. ఆ పేజీలో ఫ్రాన్సు రాజు మారువేషంలో భార్యాపిల్లలతో గుర్రబ్బండిలో పారిపోతున్నాడు. సరిహద్దు ఇంకా దూరంగా ఉంది. రాజు దొరికిపోతాడని పురుషోత్తమ్‌కు తెలుసు. అయినా మూడు రోజులుగా అక్కడే ఆగి, ఈసారైనా తప్పించుకుంటాడేమోనని ఆశ పడుతున్నాడు.

అతనికి యాభై ఏడేళ్ళు. తాత చిత్తూరు దిక్కునుంచి వచ్చి బంగారు గనిలో దిగాడు. తండ్రీ దిగాడు. పురుషోత్తమ్ వంతు వచ్చేసరికి గనిలో కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశారు కాబట్టి అతను బండెక్కాడు. ఇరవై రెండేళ్ళుగా ఆండర్సన్‌పేటనుంచి బెంగళూరు వెళ్ళి, ఒక మోటారు పంపుల కంపెనీలో పెట్టెల మీద చిరునామాలు సరిచూసి, చీకటి పడ్డాక తిరిగి వస్తున్నాడు. రానూ పోనూ ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ అతను వేరే మనిషి. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద కొన్న లావుపాటి పుస్తకాల్లో కూర్చుని రాజ్యాలు కూల్చేవాడు, మతాలు చీల్చేవాడు, మంత్రివర్గాలను సాగనంపేవాడు. కంటోన్మెంటు స్టేషను రాగానే పుస్తకం మూసి, ఎవరూ తోయకముందే పక్కకు జరిగి దిగిపోయేవాడు.

ఆ బండిలో ఒక కట్టుబాటు ఉంది. మారికుప్పంలో ముందుగా ఎక్కినవాళ్ళు సీటు మీద ఏదో ఒక గుర్తు పెట్టి టీకి దిగుతారు. ఒకరిది తువ్వాలు, ఒకరిది టిఫిన్ డబ్బా, ఒకరిది హెల్మెట్. గుర్తు పడిందంటే అది మనిషి కూర్చున్నట్టే. మూడో బోగీలో ఎడమవైపు కిటికీ సీటు మీద పడే గుర్తు పురుషోత్తమ్ పుస్తకం. ఇరవై రెండేళ్ళలో దాన్ని ఎవరూ జరపలేదు, ఎత్తుకుపోలేదు, తెరిచి చూడలేదు. అంత లావు పుస్తకాన్ని తెరవాలని ఎవరికి బుద్ధి పుడుతుంది?

పురుషోత్తమ్ ధైర్యం కూడా అదే. ఎందుకంటే ఆ పుస్తకంలో పేజీ గుర్తుగా ఉన్నది అతని రాజీనామా.

పదకొండేళ్ళ కిందట, అప్పటి మేనేజరు అందరి ముందూ "ఏయ్ అడ్రసూ!" అని చిటికేసి పిలిచిన మధ్యాహ్నం రాసింది. చక్కని ఇంగ్లీషులో నాలుగు పేరాలు, కింద సంతకం. తేదీ మాత్రం వేయలేదు. ఆ తేదీ రేపో ఎల్లుండో వస్తుందనుకున్నాడు. పుస్తకాలు మారాయి, ఒక చరిత్రలోంచి మరో చరిత్రలోకి కాగితం మారింది, మడతలు నలిగాయి. జేబులో తాళంచెవి ఉన్న ఖైదీకి జైలు అంత కష్టంగా ఉండదు. ఇప్పుడు పదవీ విరమణకు పదహారు నెలలుంది, కూతురు అర్పిత నర్సింగు చదువు ముగియడానికి రెండేళ్ళుంది. తాళంచెవి వాడే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు. అది జేబులో ఉంటే చాలు.

ఆ ఉదయం పుస్తకం సీటు మీద పెట్టాక భార్య నాగరత్న ఫోను చేసింది. "టిఫిన్ క్యారియరు మరిచిపోయి పోయినారు. స్టేషను గేటుకాడ ఉండాను, రాండి."

అతను గేటు దాకా వెళ్ళి క్యారియరు అందుకునేసరికి బండి కూత వేసింది. పరిగెత్తాడు. చేతికందింది చివరి బోగీ, ఎనిమిదోది. ఈ బండిలో బోగీకీ బోగీకీ మధ్య దారి లేదు.

నిజానికి కంగారు పడాల్సిందేమీ లేదు. కట్టుబాటు ప్రకారం బంగారుపేట దాకా ఆ సీటు అతనిదే. కానీ పురుషోత్తమ్ మనసు ఒక చోట కూర్చునేది కాదు. ఎవరైనా తెరిస్తే? ఇరవై రెండేళ్ళు తెరవనివాళ్ళు ఇవాళ తెరిస్తే? ఆలోచన ఒకసారి వచ్చాక చెవిలో దూరిన దోమలా తిరిగింది. ఎదుటి సీటులో కూర్చునే ఓబలప్పకు ఫోను చేశాడు. ఓబలప్ప బెంగళూరులో ఒక అపార్టుమెంటు వాచ్‌మన్, బోగీలో మాత్రం పెద్దమనిషి. సీటు తగవులన్నీ అతనే తీరుస్తాడు.

"ఓబలప్పా, నేను వెనక బోగీలో ఉండాను. నా పుస్తకం భద్రమప్పా."

"యాడికి పోతుందన్నా? సుమ్నే ఉండు, దిగులొద్దు."

"ఎవరూ తెరవకుండా చూసుకో. నువ్వు గూడా తెరవద్దు. ఏమైనా సరే, తెరవద్దు."

"తెరవనులే," అన్నాడు ఓబలప్ప కొత్త గొంతుతో. అది ఇప్పుడే తెరవబోతున్న మనిషి గొంతు. పురుషోత్తమ్ మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ఛాంపియన్‌లో బండి ఒక్క నిమిషం ఆగింది. దిగి పరిగెత్తితే ఏడో బోగీ అందింది. ఊరిగాంలో ఆరోది. ఒక్కో స్టేషనుకు ఒక్కో బోగీ చొప్పున అతను తన సీటు వైపు దండయాత్ర చేస్తున్నాడు. వార్త మాత్రం అంతకంటే వేగంగా ఎదురు వస్తోంది.

మూడో బోగీలో జరిగింది ఇది. ఓబలప్ప పుస్తకం తెరిచాడు. కాగితం రాలింది. ఇంగ్లీషు రాదు కాబట్టి చైత్రకిచ్చాడు. చైత్ర బెంగళూరులో కంటి ఆసుపత్రిలో పని చేస్తుంది. ఆ బోగీలో మూడేళ్ళుగా నిలబడే ప్రయాణం. ఆమె చదివి అర్థం చెప్పింది.

"పురుషోత్తమన్న పని విడిచేసినాడా!" అన్నాడు ఓబలప్ప గుండె మీద చెయ్యి వేసుకుని. "మనకొక మాట గూడా చెప్పల్లేదే!"

"చెప్పలేక ఇట్ల పెట్టినాడేమో," అంది చైత్ర. "తేదీ వెయ్యలేదు పాపం, మరిచిపోయినట్టుండాది."

"నువ్వు వేసెయ్యమ్మా. ఇంగ ఆ మాత్రం చెయ్యకుంటే ఎట్ల?"

చైత్ర ఆ రోజు తేదీ వేసింది. ఓబలప్ప ఫోటో తీసి, బండివాళ్ళందరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. తర్వాత పువ్వులు. తర్వాత, ఎందుకోగాని, ఒక కేకు.

కోరమాండల్‌లో ఐదో బోగీ ఎక్కినప్పుడు అక్కడివాళ్ళు లేచి నిలబడ్డారు. "ప్రతి బోగీకీ పోయి చెప్పి వస్తా ఉండారంట కదా సార్! ఎంత పెద్ద మనసు!" అని ఒకాయన చేతులు పట్టుకున్నాడు.

"లేదప్పా, నేను నా సీటుకు పోతా ఉండాను..."

"ఇంగ సీటేం సార్? మా గుండెల్లో ఉండారు మీరు."

పరారీలో ఉన్న రాజును దారిలో ఎవరో ముఖం చూసి పోల్చుకున్నారని ముందెక్కడో చదివాడు. ఆ రాజుకు కనీసం ఎవరూ చేతులూపలేదు.

బెమెల్ నగర్ దాటుతుండగా నాగరత్న ఫోను. "ఏమి, ఉద్యోగం విడిచిపెట్టేసినారంట? పక్కింటి గంగులమ్మ ఫోటో చూపించింది."

"అదంతా తప్పు నాగరత్నా. అది పాతది..."

"నాకొక మాటైనా చెప్పకుండా! సరే, విడిచినారు. రేపట్నుంచి పగలంతా యాడ కూర్చుంటారు? నడవలో విప్లవాలు, వంటింట్లో మతాలు. మంచం కింద నూరేండ్ల యుద్ధం. ఇంట్లో ఆ పుస్తకాలన్నా ఉండల్ల, మీరన్నా ఉండల్ల. సాయంత్రంలోగా తేల్చుకోండి."

బంగారుపేటలో బండి పది నిమిషాలు ఆగుతుంది. పురుషోత్తమ్ చెమటలు కక్కుతూ మూడో బోగీ మెట్లెక్కాడు. ఎక్కుతూనే మెడలో చల్లగా ఏదో పడింది. మార్కెట్టుకు పూలు తీసుకుపోయే చిన్నవెంకటమ్మ తన గంపలోంచి మూర చామంతి మాల తీసి వేసింది. "మా నాయన గని విడిచినప్పుడు గూడా ఇట్లనే వేసినారు సామీ," అని కళ్ళొత్తుకుంది.

అతని కిటికీ సీట్లో చైత్ర కూర్చుని ఉంది. లేవబోయింది. ఓబలప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కూర్చోమ్మా. మాల పడినాక సీటు మారల్ల. అదే కట్టుబాటు. అన్నా, రెండు మాటలు మాట్లాడు."

'ఇదంతా పొరపాటు' అని చెప్పడానికి పురుషోత్తమ్ నోరు తెరిచాడు. నిజంగా అందుకే తెరిచాడు. కానీ నలభై ముఖాలు అతని వైపే చూస్తున్నాయి. జీవితంలో అతను మాట్లాడితే వినడానికి నలుగురైనా ఆగిన గుర్తు లేదు. చామంతుల వాసన ముక్కుకు తగిలింది. లోపల ఎక్కడో, పదకొండేళ్ళుగా మడతలో ఉన్నది విప్పుకుంది.

"రాజులు పోయినారు," అన్నాడు. గొంతు తనదిగా అనిపించలేదు. "రాజ్యాలు పోయినాయి. మతాలు రెండుగా చీలిపోయినాయి. అవన్నీ చకచకా జరిగినాయి. ఆండర్సన్‌పేటోడు ఒకడు నోరు తెరిచేదానికే పదకొండేండ్లు పట్టింది. చాలు. ఇంగ చాలు!"

బోగీ చప్పట్లతో అదిరింది. పురుషోత్తమ్ ఛాతీ విశాలమైంది. సుమారు ఒక నిమిషం పాటు అతను ప్రపంచ చరిత్రలో ఉన్నాడు.

తర్వాత బండి కదిలింది. టేకల్‌లో నాగేశ్ ఎక్కాడు. నాగేశ్ అతని ఆఫీసులోనే జూనియరు, గ్రూపులో సభ్యుడు, సాయం చేయడంలో చురుకైన కుర్రాడు. "సార్, మీరేం దిగులు పడొద్దండి. ఫోటో అప్పుడే మేనేజరుకు పంపించేసినాను. చూసినాడు గూడా, నీలం గీతలు పడినాయి."

పురుషోత్తమ్ కాళ్ళలోంచి చరిత్ర దిగిపోయింది. అర్పిత కళాశాల బస్సు, పదహారు నెలలు, నడవలోని విప్లవాలు వరసగా కళ్ళముందు తిరిగాయి. పుస్తకాన్ని, కాగితాన్ని చంకలో పెట్టుకుని, తన సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మాలూరు దాకా, మేనేజరు కాళ్ళు పట్టుకుని బతిమాలాలని నిశ్చయించుకున్నాడు. వైట్‌ఫీల్డ్ దాకా తలెత్తుకుని 'అవును, నేనే రాశాను' అనాలని నిశ్చయించుకున్నాడు. కంటోన్మెంటులో దిగేటప్పటికి రెండు నిశ్చయాలూ ఒకదాన్నొకటి తినేసి, ఖాళీ కడుపు మిగిలింది. మెడలో మాల ఉందన్న సంగతి ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీవాడు నమస్కారం పెట్టాక తెలిసింది.

మేనేజరు రామకృష్ణప్ప తలుపు వేసి, "కూర్చోండి" అన్నాడు. "కాగితం తెచ్చినారా?"

పురుషోత్తమ్ ఇచ్చాడు. ఏ నిశ్చయం గెలుస్తుందా అని తనే కుతూహలంగా చూస్తుండగా నోటినుంచి మాట వచ్చింది. "నేనే రాసినాను సార్. ప్రతి మాటా నిజమే."

చెప్పాక భయం వేసింది. ఆ భయం వెనకనుంచి సన్నటి సంతోషం తొంగిచూసింది.

రామకృష్ణప్ప కాగితం పైభాగం మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరి పేరుకు రాసినారు, చూసినారా? ఆయన పోయి ఎనిమిదేండ్లాయె. కంపెనీ పేరు గూడా ఇది కాదు. చేతులు మారినప్పుడు పేరూ మారె, బిల్డింగూ మారె. లేని కంపెనీలో లేని మేనేజరుకు మీరు రాజీనామా ఇస్తే నేనెట్ల తీసుకునేదప్పా?"

ఇరవై రెండేళ్ళలో పురుషోత్తమ్ చేతి మీదుగా తప్పు చిరునామాతో బయటికి వెళ్ళిన సరుకు అదొక్కటే.

"అయితే సార్, నా ఉద్యోగం..."

"యాడికి పోతుంది? హుబ్బళ్ళి పెట్టెలు పన్నెండు నిలిచిపోయి ఉండాయి, పోయి చూడండి." రామకృష్ణప్ప లేవలేదు. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈ మూడో పేరా మీరే రాసినారా? 'అందరి సరుకునూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు చేర్చినాను, నన్ను మాత్రం ఎక్కడికీ చేర్చుకోలేకపోయినాను' అని?"

"అవును సార్."

"ఈ కాగితం నా దగ్గర ఉండనీండి. తేదీ, పేరు మార్చుకుంటాను." దాన్ని జాగ్రత్తగా మడిచి తన డైరీలో పెట్టుకున్నాడు. ఏ రోజు పేజీలోనో పురుషోత్తమ్‌కు కనబడలేదు.

సాయంత్రం బండిలో జరిగినదంతా చెప్పాడు. ఉద్యోగం నిలిచినందుకు అందరూ సంతోషించారు. చిన్నవెంకటమ్మ దేవుడికి దండం పెట్టింది. నాగరత్న ఫోనులో, "అయితే పుస్తకాలు గూడా ఉంటాయన్న మాట" అని నిట్టూర్చింది.

"మరి నా సీటు, ఓబలప్పా?" అన్నాడు పురుషోత్తమ్.

ఓబలప్ప చాలాసేపు ఆలోచించాడు. "అన్నా, ఉద్యోగం నీ కంపెనీ సంగతి. సీటు బండి సంగతి. మాల పడింది, ప్రసంగం అయింది, చప్పట్లు కొట్టినాము. ఇవన్నీ వెనక్కి తీసుకుంటే రేపు ఎవరి తువ్వాలుకైనా విలువుంటుందా చెప్పు?"

చైత్ర కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. అది నిద్ర కాదని పురుషోత్తమ్‌కు తెలుసు. నిలబడినవాళ్ళు దగ్గరికి వస్తే ఇరవై రెండేళ్ళుగా అతనూ ఆ సీట్లో అలాగే కళ్ళు మూసుకునేవాడు.

పుస్తకం తెరిచాడు. ఏ పేజీలో ఆగాడో గుర్తు చెప్పే కాగితం లేదు. నూట పన్నెండు అన్న అంకె కూడా రోజంతా పడ్డ కంగారులో ఎక్కడో జారిపోయింది.

మరునాటి ఉదయం నుంచి పురుషోత్తమ్ ప్రపంచ చరిత్రను మొదటి పేజీనుంచి, నిలబడి, చదవడం మొదలుపెట్టాడు.