పప్పు ధర సరిచేయబడినది

ధరల పారదర్శకత శాఖ మంత్రి అర్జునరావు గారు బీచ్ రోడ్డులో సభ పెట్టి, "ఇక విశాఖలో ఒక్క తప్పుడు ధర చీటీ కనిపించినా వదిలిపెట్టం!" అని ప్రకటించారు. ఫిర్యాదులకు ఒక ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. మంత్రులు నంబర్లు ఇవ్వడం మామూలే. ఇది మోగడం విశేషం.

మోగించింది అసిరమ్మ. పెదజాలరిపేటలో చేపలమ్ముతుంది. సముద్రంలో వేట నిషేధం రోజులు కావడంతో పడవలు ఒడ్డునే ఉన్నాయి, ఇంట్లో పులుసు పోయి పప్పు వచ్చింది. ఆ పప్పు కోసమే నమ్మకం మార్ట్‌కి వెళ్ళింది. కందిపప్పు పెట్టిన అర మీద చీటీలో కిలో నూట ఇరవై ఎనిమిది అని ఉంది. కౌంటర్ దగ్గర కిలో పొట్లానికి బిల్లు నూట నలభై ఆరు వచ్చింది. ఆమె వెనకే బట్టల సబ్బుతో నిలబడి ఉన్నాను కాబట్టి ఈ చారిత్రక ఘట్టాన్ని కళ్ళారా చూశాను.

"ఏటి బాబూ ఇది? అక్కడొకటి రాసి ఇక్కడొకటి గుంజుతన్నారు?"

మేనేజర్ మణికంఠ మర్యాదస్తుడు. "అది డిస్‌ప్లే ప్రైస్ అమ్మా. ఇది బిల్లింగ్ ప్రైస్" అన్నాడు.

"డిస్‌ప్లే అంటే ఏటి?"

"చూసుకోడానికి."

"అలాగైతే డబ్బులు నానూ సూపిత్తాను. సూసుకో."

క్యూలో అందరం నవ్వాం. అసిరమ్మ నవ్వలేదు. బిల్లు కట్టి, అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

మర్నాడే అసిరమ్మను వెంటబెట్టుకుని శాఖ అధికారి ఉమాశంకర్ గారు దుకాణం ముందు జీపు దిగారు. ఆయన నిశిత దృష్టిని ఎంత పొగిడినా తక్కువే. ముందు టేపు తెప్పించి, చీటీకీ కౌంటర్‌కీ మధ్య దూరం కొలిపించారు. నలభై రెండు అడుగులు. "ఇంత దూరంలో ధర మారే అవకాశం ఉంది" అని నోట్ చేసుకున్నారు. తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"రెండు ధరల్లో ఒకటి తప్పు. ఏది?"

"బిల్లే తప్పు బాబూ. సీటీ సూసే కదా నాను పొట్లం తీసాను!"

"చీటీ మనిషి రాశాడు. బిల్లు కంప్యూటర్ కొట్టింది. పొరబడేది ఎవరమ్మా?" అంటూ ఆయన పెన్ను తీశారు. చీటీ మీద 128 కొట్టేసి 146 రాశారు. కింద సంతకం, దాని మీద స్టాంపు. "ఇప్పుడు తేడా ఎంత?"

"ఏటీ నేదు" అంది అసిరమ్మ, అయోమయంగా.

"రాసుకోండి" అన్నారు ఆయన తన గుమాస్తాతో. "ఫిర్యాదు పరిష్కారం. ఫిర్యాదుదారు స్వయంగా ఒప్పుకున్నారు."

"మరి నా పద్దెనిమిది రూపాయలో?"

"తేడాయే లేనప్పుడు పద్దెనిమిది ఎక్కడివమ్మా?"

శాఖ పుట్టాక పరిష్కారమైన మొదటి ఫిర్యాదు ఇదే. మంత్రిగారు పొంగిపోయి, అదే దుకాణంలో అసిరమ్మకు సన్మానం పెట్టించారు. షామియానా, బంతిపూల తోరణాలు, విలేకరులకు ఉప్మా పెసరట్టు. అసిరమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చి, నా చెవిలో అంది: "అందరి ముందూ నా పద్దెనిమిదీ అడుగుతాను. ఇవ్వకుండా ఎలాగెల్తారో సూత్తాను."

మంత్రిగారు కెమెరాల ముందు స్వయంగా కందిపప్పు పొట్లం అందుకున్నారు. చీటీ మీద నూట నలభై ఆరు. చిరునవ్వుతో కౌంటర్‌కి వచ్చారు. మెషిన్ కుయ్ మంది.

నూట అరవై నాలుగు.

మణికంఠ అధికారి వైపు వంగి గొంతు తగ్గించాడు. "సార్, షామియానా మాదే, పూలు మావే, టిఫిన్లు మావే. అందుకే పొద్దున్నే సిస్టమ్‌లో రేటు..."

ఉమాశంకర్ గారు మిగతాది వినలేదు. పరుగెత్తారు. కొట్టివేత, సంతకం, స్టాంపు. చెమట తుడుచుకుంటూ వచ్చి, "సరిచేశాం సార్. నలభై సెకన్లు" అన్నారు.

"నలభై సెకన్లు!" మంత్రిగారు మైకు అందుకున్నారు. "దేశంలో ఎక్కడైనా ఉందా ఈ వేగం? అమ్మా, నీ అనుభవం నువ్వే చెప్పు" అని మైకు అసిరమ్మకు అందించారు.

ఆమె చీటీ వైపు చూసింది. మంత్రిగారి వైపు చూసింది. రెండు చేతులూ జోడించింది.

"దండాలు బాబూ. ఇంక ఏ తప్పు కనబడినా నాను నోరిప్పను. ఇప్పినప్పుడల్లా పద్దెనిమిదేసి రూపాయలు పెరుగుతంది."

మంత్రిగారు వెలిగిపోతున్న ముఖంతో విలేకరుల వైపు తిరిగారు. "విన్నారుగా! ఇక ఫిర్యాదులు ఉండవని ప్రజలే చెబుతున్నారు!"

చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. ఫొటోగ్రాఫర్లు మాత్రం అసిరమ్మను కాస్త పక్కకు జరగమన్నారు. వెనక చీటీ కనబడడం లేదట.